మామోగ్రామ్‌కు, పాప్ స్మియర్‌కు ఇన్సూరెన్స్ వస్తుందా? హైదరాబాద్ ఆడవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఓ కార్పొరేట్ ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్కులో తొమ్మిదేళ్లు పనిచేశాను. మా దగ్గరికొచ్చే ఆడవాళ్లు ఒకసారి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగేవాళ్లు: "మేడమ్, ఈ టెస్టుకు ఇన్సూరెన్స్ వస్తుందా?" రాదని చెబితే, "అయితే తర్వాత చూద్దాంలెండి" అని చీటీ మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. వాళ్లలో కొందరు ఏడాదికో రెండేళ్లకో కీమో అప్రూవల్ కోసం మళ్లీ మా డెస్కుకే వచ్చారు. అప్పుడు నేను ఇంకో నాలుగు మాటలు చెప్పి ఉండాల్సింది అనిపించేది. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాను.

మామూలు హెల్త్ పాలసీ ఈ టెస్టులకు డబ్బిస్తుందా?

చాలావరకు ఇవ్వదు. మనం కొనే హెల్త్ పాలసీ అసలు ఆస్పత్రిలో చేరినప్పుడు అయ్యే ఖర్చు కోసం. ఏ లక్షణమూ లేకుండా, ముందుజాగ్రత్తగా చేయించుకునే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష), హెచ్‌పీవీ టెస్టు (అక్కడ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసే పరీక్ష) ఆ లెక్కలోకి రావు. మీ పాలసీ పుస్తకంలో మినహాయింపుల పేజీ తీసి చూడండి. 'ఇన్వెస్టిగేషన్ అండ్ ఎవాల్యుయేషన్' అనే పేరుతో, ఎక్స్‌సీఎల్ 04 అనే కోడుతో ఒక పేరా ఉంటుంది. కేవలం పరీక్షల కోసం చేరితే ఇవ్వం, ఇప్పుడు చేస్తున్న చికిత్సకు సంబంధం లేని పరీక్షలకు ఇవ్వం అని దాని అర్థం. ఇది ఒక కంపెనీ పెట్టుకున్న నిబంధన కాదు, బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకేలా ఇచ్చిన భాష. అందుకే కంపెనీ మార్చినా ఆ పేరా మారదు.

అలాగని మొత్తం తలుపులు మూసుకుపోలేదు. పాలసీతో పాటు వచ్చే హెల్త్ చెకప్, ఆఫీసు గ్రూప్ పాలసీ, ప్రీ హాస్పిటలైజేషన్ ఖర్చులు, సర్కారు దవాఖానాలు, ఇలా మూడు నాలుగు దారులున్నాయి. ఒక్కొక్కటీ కింద చెబుతాను.

డాక్టరే రాసిచ్చారు కదా, అయినా ఎందుకు ఇవ్వరు?

డాక్టర్ ఎందుకు రాశారన్నదే అసలు విషయం. ఏ ఇబ్బందీ లేని మనిషికి చేసేది స్క్రీనింగ్. ఏదో ఒక లక్షణం కనిపించి, అదేంటో తేల్చడానికి చేసేది వ్యాధి నిర్ధారణ. మిషన్ అదే, టెక్నీషియన్ ఆమే, బిల్లూ అంతే. కానీ ఇన్సూరెన్స్ లెక్కలో ఈ రెండూ వేరు వేరు.

ఇక్కడ ఒక చీటీ గురించి చెప్పాలి. యాభై దాటిన ఒకావిడ, నెలసరి ఆగిపోయి మూడేళ్లయింది. మళ్లీ అప్పుడప్పుడూ బ్లీడింగ్ కనబడుతోంది. డాక్టర్ గదిలో పక్కన కొడుకు ఉన్నాడు. ఆ మాట చెప్పడానికి నోరు రాక, "ఊరికే చెకప్‌కు వచ్చానమ్మా" అంది. డాక్టర్ చీటీ మీద 'రొటీన్ చెకప్, పాప్ స్మియర్' అని రాశారు. రిపోర్టు తేడాగా వచ్చింది, ఆ తర్వాత బయాప్సీ, ఆపరేషన్. ఆపరేషన్ క్లెయిమ్ వచ్చింది. మొదటి పరీక్షల బిల్లులు మాత్రం 'రొటీన్ చెకప్' అన్న ఆ రెండు మాటల వల్ల ఆగిపోయాయి. ఆ చీటీని నేనే స్కాన్ చేసి పంపాను కాబట్టి ఇప్పటికీ గుర్తుంది. నీలం ఇంకుతో, ఒకటిన్నర లైను.

డబ్బు సంగతి అలా ఉంచండి. లక్షణం చెప్పకపోతే డాక్టర్ సరైన పరీక్ష రాయడం కూడా కష్టం. నెలసరి ఆగాక బ్లీడింగ్, కలయిక తర్వాత బ్లీడింగ్, వాసనతో తెల్లబట్ట, రొమ్ములో గడ్డ, చనుమొన లోపలికి పోవడం, చనుమొన నుంచి రక్తం రావడం, ఇవేవైనా ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎన్నాళ్లుగా ఉందో కూడా చెప్పి, అది చీటీ మీద రాయమని అడగండి. పక్కన ఎవరైనా ఉంటే ఇబ్బందిగా ఉందంటే, కాసేపు బయట కూర్చోమనండి. డాక్టర్‌కు ఇది కొత్తేమీ కాదు. లేని లక్షణం మాత్రం రాయించుకోవద్దు. తర్వాత ఏ క్లెయిమ్‌లోనైనా ఆ కాగితమే మీకు ఎదురు తిరుగుతుంది.

టెస్టులు అయ్యాక క్యాన్సర్ అని తేలి ఆస్పత్రిలో చేరాం. అంతకు ముందు పెట్టిన ఖర్చు పోయినట్టేనా?

పోయినట్టు కాదు. దీన్నే ప్రీ హాస్పిటలైజేషన్ అంటారు. చేరిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టి 30 రోజులు, కొన్ని పాలసీల్లో 60 రోజుల లోపు అదే జబ్బు కోసం చేయించుకున్న పరీక్షలు, కన్సల్టేషన్లు, మందుల డబ్బు ఇస్తారు. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, బయాప్సీ, ఎంఆర్‌ఐ, పెట్ స్కాన్ అన్నీ ఇందులోకి రావచ్చు. డిశ్చార్జి తర్వాత కూడా 60, 90, కొన్నింట్లో 180 రోజుల దాకా ఖర్చు ఇస్తారు. క్యాష్‌లెస్‌లో, అంటే కంపెనీయే ఆస్పత్రికి నేరుగా కట్టే బిల్లులో ఇవి కలవవు. డిశ్చార్జి అయ్యాక బిల్లులు పెట్టి రీయింబర్స్‌మెంట్, అంటే మనం కట్టిన డబ్బు వెనక్కి, విడిగా అడగాలి. చాలామందికి ఆ సంగతే తెలియదు. ఆస్పత్రి బిల్లు క్యాష్‌లెస్‌లో అయిపోయింది కదా, ఇక ఏమీ లేదనుకుంటారు.

మా ఇంట్లోనే జరిగింది. మా వదినకు బయాప్సీలో తేలాక సర్జరీకి డేటు ఇచ్చారు. కూతురి పెళ్లి దగ్గరపడిందని, అది అయ్యాకే చేరతానని పట్టుబట్టింది. డాక్టర్ వద్దన్నా వినలేదు. పెళ్లి అయింది, సర్జరీ కూడా బాగానే అయింది. కానీ మొదటి మామోగ్రామ్, స్కాన్ బిల్లులు 60 రోజులు దాటి అవతల పడ్డాయి, కంపెనీ ఇవ్వలేదు. మిగిలిన బిల్లుల్లోనూ రెండు థర్మల్ పేపర్ మీదివి. ఫైలులో ఉండి ఉండి అక్షరాలు మాసిపోయి ఉత్త తెల్లకాగితాల్లా మిగిలాయి. రోజూ ఈ పనే చేసే నేను, ఇంట్లో మనిషికి ఫోటో తీసి పెట్టుకోమని చెప్పడం మర్చిపోయాను. మీరు మర్చిపోవద్దు. బిల్లు చేతికి రాగానే ఫోన్‌లో ఫోటో తీయండి, డాక్టర్ చీటీ, రిపోర్టు, డబ్బు కట్టిన రసీదు నాలుగూ ఒకే చోట ఉంచండి.

ఒకరోజు అడ్మిట్ అయి అన్ని టెస్టులూ చేయించుకుంటే క్లెయిమ్ వస్తుందని తెలిసినవాళ్లు చెప్పారు. నిజమేనా?

కాదు. పైన చెప్పిన ఎక్స్‌సీఎల్ 04 పేరా ఉన్నదే దీనికోసం. క్లెయిమ్ తిరస్కరిస్తారు, రూమ్ అద్దె కూడా మీ నెత్తిన పడుతుంది.

నా పాలసీలో 'ఫ్రీ హెల్త్ చెకప్' అని ఉంది. అందులో ఇవి ఉంటాయా?

ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చాలా ప్లాన్లలో ఏడాదికోసారి చెకప్ ఉంటుంది. కానీ ఆ జాబితాలో సాధారణంగా రక్తపరీక్ష, షుగర్, కొలెస్ట్రాల్, యూరిన్, ఈసీజీ ఉంటాయి. ఆడవాళ్లకు ప్రత్యేకంగా పాప్ స్మియర్, మామోగ్రామ్ కలిపిన ప్లాన్లు ఉన్నాయి, కాకపోతే కొన్నింట్లో ఒక వయసు దాటాకే, లేదా సమ్ ఇన్సూర్డ్ (పాలసీ మొత్తం) ఇంత పైన ఉంటేనే ఇస్తారు. కొన్ని కంపెనీలు జాబితా ఇవ్వకుండా ఇన్ని రూపాయల వరకు మీకు నచ్చిన పరీక్ష చేయించుకోండి అంటాయి. అలాంటిది దొరికితే మామోగ్రామ్‌కు వాడుకోండి. షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు బయట తక్కువ డబ్బుకే అయిపోతాయి.

ఏజెంట్ నోటిమాట నమ్మొద్దు. పాలసీతో పాటు 'కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్' అని రెండు మూడు పేజీల కాగితం ఇవ్వాలి. 2024 జనవరి నుంచి దీన్ని సులువైన భాషలో, కొత్త నమూనాలో ఇస్తున్నారు. కావాలంటే తెలుగులో ఇవ్వమని కంపెనీని అడిగే హక్కు మీకుంది. అది చదివాక కూడా అర్థం కాకపోతే కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టండి: "నా వార్షిక చెకప్‌లో మామోగ్రామ్, పాప్ స్మియర్ ఉన్నాయా, ఏ సెంటర్‌లో?" జవాబు రాతపూర్వకంగా ఉంటే తర్వాత వాదన ఉండదు.

ఈ చెకప్ వాడుకుంటే, క్లెయిమ్ చేయని ఏడాదికి వచ్చే బోనస్ పోతుందేమోనని కొందరు భయపడతారు. మామూలుగా దీన్ని క్లెయిమ్‌గా లెక్కించరు. ఏడాది దాటితే మాత్రం ఆ అవకాశం చాలా పాలసీల్లో అక్కడితో పోతుంది. కుటుంబానికంతా ఫ్లోటర్ పాలసీ ఉన్న ఇళ్లలో నేను గమనించింది, చెకప్‌కు వెళ్లేది ఎప్పుడూ ఇంటాయనే. ఇల్లాలి పేరు మీద ఉన్న చెకప్ ఏళ్లకేళ్లు వాడకుండానే పోతుంది.

మావారి ఆఫీసు ఇన్సూరెన్స్ ఉంది. అది చాలదా?

హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు పెద్ద కంపెనీల గ్రూప్ పాలసీలు చాలావరకు బాగుంటాయి. వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ కోసం ఆగాల్సిన కాలం, లేకుండా మొదటిరోజు నుంచే వర్తిస్తాయి. చెకప్ ప్యాకేజీల్లో భార్యకు, కొన్నిచోట్ల అమ్మకు, అత్తగారికి కూడా అవకాశం ఉంటుంది. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి అడగమనండి, ఏటా ఆ ప్యాకేజీ మారుతుంటుంది.

ఇబ్బంది ఎక్కడంటే, ఉద్యోగం పోయిన రోజే ఆ పాలసీ కూడా పోతుంది. చికిత్స మధ్యలో ఉన్నప్పుడు అలా జరిగితే ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేం. ఉద్యోగం మానేముందే, అదే కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు ఉందేమో అడగండి. దానికి దారి ఉంది, ఇన్నాళ్లూ గడిచిన వెయిటింగ్ కాలం కూడా లెక్కలోకి వస్తుంది. నన్నడిగితే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే చిన్నదైనా సొంత పాలసీ ఒకటి పక్కన పెట్టుకోవడం మేలు.

జీతం నెలకు 21,000 లోపు ఉండి ఇఎస్‌ఐ (ఉద్యోగులకు ప్రభుత్వ బీమా) ఉన్నవాళ్లకు ఈ గొడవే లేదు. డిస్పెన్సరీ డాక్టర్‌కు లక్షణం చెప్పి రాయించుకుంటే, సనత్‌నగర్‌లోనో నాచారంలోనో ఉన్న ఇఎస్‌ఐ ఆస్పత్రికి పంపుతారు. షాపుల్లో, చిన్న ఫ్యాక్టరీల్లో పనిచేసే చాలామంది ఆడవాళ్లకు తమ జీతంలో ఇఎస్‌ఐ కట్ అవుతోందని కూడా తెలియదు. పే స్లిప్ చూసుకోండి.

ఓపీడీ రైడర్ తీసుకుంటే లాభమా?

ఓపీడీ రైడర్ అంటే ఆస్పత్రిలో చేరకుండా అయ్యే ఖర్చుల కోసం, అదనపు ప్రీమియం కట్టి పాలసీకి జతచేసుకునేది. ఏటా మామోగ్రామ్ అవసరమయ్యేవాళ్లకు, అంటే తల్లికో అక్కచెల్లెళ్లకో రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఇళ్లలో ఆలోచించొచ్చు. రైడర్ ప్రీమియం ఎంత, దాని కింద వచ్చే పరిమితి ఎంత అని పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ డబ్బుతో నేరుగా టెస్టే చేయించుకోవచ్చు.

రొమ్ములో గడ్డలాంటిది తగిలింది. ముందు పాలసీ తీసుకుని, కొన్నాళ్లు ఆగి టెస్టు చేయించుకుంటే మంచిది కదా?

దయచేసి ఆ పని చేయకండి. డెస్కులో ఉన్నన్నాళ్లూ నన్ను ఎక్కువ బాధపెట్టిన ప్రశ్న ఇదే.

కొత్త పాలసీలో మొదటి 30 రోజులు, యాక్సిడెంట్ తప్ప ఏ జబ్బుకూ డబ్బు రాదు. పాలసీకి ముందే ఉన్న జబ్బుకు వెయిటింగ్ 36 నెలల దాకా ఉండొచ్చు. మీకు గడ్డ తగిలిందని తెలిసి కూడా ఫారంలో 'లేదు' అని టిక్ పెడితే, అది వాస్తవాన్ని దాచడం. క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ పాత చీటీలన్నీ అడుగుతుంది. ఆస్పత్రి కేస్ షీటులో 'ఆరు నెలలుగా గడ్డ ఉంది' అని మీరే చెప్పిన మాట రాసి ఉంటుంది. ఆ ఒక్క లైనుతో క్లెయిమ్ పోతుంది, పాలసీయే రద్దు కావచ్చు. 60 నెలలు ఆగకుండా ప్రీమియం కట్టాక కంపెనీ ఇలా వెనక్కి తవ్వడానికి వీల్లేదు, కానీ మోసం అని నిరూపిస్తే అప్పుడు కూడా రక్షణ ఉండదు.

పైగా గడ్డ మన వెయిటింగ్ పీరియడ్ కోసం ఆగదు. చాలా గడ్డలు క్యాన్సర్ కావు, స్కాన్‌తోనో చిన్న సూది పరీక్షతోనో ఆ సంగతి తేలిపోతుంది. ముందు పరీక్ష చేయించుకోండి. మామూలు గడ్డే అని రిపోర్టు వస్తే, అదే రిపోర్టు జతచేసి, ఉన్నది ఉన్నట్టు రాసి పాలసీకి వెళ్లండి. కొన్ని షరతులు పెట్టినా, ఆ పాలసీని నమ్ముకోవచ్చు.

టెస్టులో ఏదైనా తేడా వస్తే ఉన్న పాలసీ రెన్యువల్ ఆపేస్తారా? ప్రీమియం పెంచుతారా?

క్లెయిమ్ చేశారనో, జబ్బు వచ్చిందనో రెన్యువల్ నిరాకరించడానికి వీల్లేదు. మీ ఒక్కరి క్లెయిమ్ చూసి మీ ఒక్కరికే ప్రీమియం పెంచడానికీ వీల్లేదు. వయసును బట్టి, లేదా ఆ ప్లాన్‌లో ఉన్న అందరికీ కలిపి పెంచొచ్చు. మీరు చేయాల్సింది రెన్యువల్ తేదీ తప్పకుండా చూసుకోవడమే. వేరే కంపెనీకి పోర్ట్ అవ్వాలంటే మాత్రం కొత్త కంపెనీ ఒప్పుకోవాలి. రిపోర్టు తేడాగా ఉన్నప్పుడు అది కష్టమే.

క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ ఉంది. క్యాన్సర్ అని తేలగానే మొత్తం డబ్బు ఇస్తారా?

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. పెద్ద జబ్బు తేలితే ఒకేసారి డబ్బిచ్చే ఈ పాలసీల్లో క్యాన్సర్‌కు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, పుట్టిన చోటే ఉండిపోయి లోపలికి పాకని దశ, అంటే కార్సినోమా ఇన్ సైటు, లెక్కలోకి రాదు. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు వచ్చే సీఐఎన్ 1, 2, 3 అనే మార్పులు కూడా రావు. స్క్రీనింగ్ పట్టుకునేది ఎక్కువగా ఈ దశల్నే. అంటే సకాలంలో పరీక్ష చేయించుకున్న మనిషికి ఈ పాలసీ డబ్బు రాకపోవచ్చు. ఇది అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ ఆ దశలో చికిత్స చిన్నది, ఖర్చు తక్కువ. చాలాసార్లు డే కేర్‌లోనే, అంటే ఒక్కరోజులోనే అయిపోతుంది, దాన్ని మీ మామూలు హెల్త్ పాలసీలో అడగాలి. తొలిదశకు కూడా కొంత శాతం ఇచ్చే క్యాన్సర్ ప్లాన్లు విడిగా ఉన్నాయి. కొనేటప్పుడు "ఇన్ సైటుకు ఎంత ఇస్తారు?" అని ఆ మాటతోనే అడగండి.

అమ్మకు 64 ఏళ్లు, ఏ పాలసీ లేదు. ఎక్కడికి తీసుకెళ్లాలి?

మీ దగ్గర్లోని బస్తీ దవాఖానాతో గానీ పట్టణ ఆరోగ్య కేంద్రంతో గానీ మొదలుపెట్టండి. 30 దాటిన ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార, నోటి క్యాన్సర్లకు స్క్రీనింగ్ చేయడం దేశమంతటా ప్రభుత్వ కార్యక్రమంలో భాగం. మన రాష్ట్రంలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మంగళవారాల్లో ఆడవాళ్ల కోసమే. మీ బస్తీ ఆశా కార్యకర్తను అడిగితే మీ ఏరియాలో ఎక్కడో చెబుతుంది. అక్కడ అనుమానం వస్తే పెద్దాస్పత్రికి రాసిస్తారు. ఆ కాగితంతో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లొచ్చు. జనం ఎక్కువగా ఉంటారు, పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోవాలి.

ఆహార భద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి పెంచారు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఇందులో ఉన్నాయి. చేరిన ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు ఎక్కడుందో ముందు కనుక్కోండి, అప్రూవల్ పని అక్కడే జరుగుతుంది. 70 దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, ఏడాదికి 5 లక్షల దాకా.

64 ఏళ్లకు కొత్త పాలసీ ఇవ్వరని కూడా అనుకోకండి. 65 అనే పాత వయసు గీత 2024 ఏప్రిల్‌తో పోయింది. ప్రీమియం ఎక్కువగానే ఉంటుంది, కాకపోతే 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు.

ఏ వయసులో ఏ టెస్టు?

గర్భాశయ ముఖద్వారానికి 30 నుంచి మొదలుపెట్టాలి. హెచ్‌పీవీ టెస్టు అయితే 5 నుంచి 10 ఏళ్లకోసారి చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రొమ్ముకు డాక్టర్ చేత్తో చూసే పరీక్ష 30 నుంచి, మామోగ్రామ్ మామూలుగా 40 దాటాక. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో వచ్చి ఉంటే డాక్టర్‌తో విడిగా మాట్లాడండి. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో రొమ్ము క్యాన్సర్ 1.92 లక్షల మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 1.27 లక్షల మందికి కొత్తగా వచ్చింది.

సొంత డబ్బుతో చేయించుకుంటే పన్నులో తగ్గుతుందా?

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ప్రివెంటివ్ హెల్త్ చెకప్ కింద ఏడాదికి 5,000 దాకా చూపించుకోవచ్చు, నగదుగా కట్టినా సరే. ప్రీమియంతో కలిపి ఉండే మొత్తం పరిమితిలోనే ఇది.

క్లెయిమ్ తిరస్కరించారు. ఇక చేసేదేమీ లేదా?

ఉంది. తిరస్కరించిన కారణం, పాలసీలోని ఏ నిబంధన కింద అన్నది రాతపూర్వకంగా ఇవ్వమనండి. కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. సంతృప్తి కలగకపోతే, లేదా నెలలో జవాబే రాకపోతే, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఆ ఆఫీసు మన ఊళ్లోనే, లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255 నంబరుకు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. డాక్టర్‌తో 'ఈ పరీక్ష ఫలానా లక్షణం వల్ల రాశాను' అని ఒక లెటర్ రాయించి జతచేస్తే, ఆగిన పరీక్షల బిల్లులు చాలాసార్లు కదలడం నేను చూశాను.

టెస్టుకు వెళ్లే రోజు ఏం గుర్తుపెట్టుకోవాలి?

మామోగ్రామ్‌కు వెళ్లేటప్పుడు చంకల్లో, ఛాతీ మీద పౌడర్, డియోడరెంట్ వాడకండి, ఫిల్ములో మచ్చల్లా కనబడతాయి. పాత ఫిల్ములుంటే తీసుకెళ్లండి. పాప్ స్మియర్ నెలసరి రోజుల్లో వద్దు. బిల్లింగ్ కౌంటర్‌లో పేరు చెప్పేటప్పుడు పాలసీలో ఎలా ఉందో అలాగే చెప్పండి. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాలసీలో అత్తింటి ఇంటిపేరు, బిల్లు మీద ఉత్త 'లక్ష్మి' అని ఉండి ఆగిపోయిన క్లెయిములు చాలా ఉన్నాయి. కౌంటర్ వదిలి రాకముందే బిల్లు చూసుకుని, తప్పుంటే అప్పుడే సరిచేయించుకోండి.